మన పిల్లే కదా, కాగితాలెందుకు?

2021 మే నెలలో మా చెల్లెలు కరోనాతో చనిపోయింది. దానికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. మరిది దుబాయ్‌లో ఉన్నాడు. వస్తే మళ్లీ ఎప్పుడు వెళ్లగలడో తెలియని రోజులవి. చివరి చూపు వీడియో కాల్‌లోనే చూశాడు. వాళ్ల పాపకు అప్పటికి నాలుగేళ్లు. ఆ రాత్రి పాపను నా కూతురికీ నాకూ మధ్య పడుకోబెట్టాను. పొద్దున్నే లేచి "పెద్దమ్మా, పాలు" అని అడిగింది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఇంకో ఇంట్లో పడుకోలేదు.

మాది ఉత్తర తెలంగాణలో గల్ఫ్‌కు ఎక్కువమంది వెళ్లే జిల్లా. మా వైపు తల్లి పోయిన పిల్లల్ని, తండ్రి దేశం పోయిన పిల్లల్ని పెద్దమ్మలు, అమ్మమ్మలు సాదుకోవడం కొత్త కాదు. ఎవరూ కాగితాలు రాసుకోరు. "మన పిల్లనే గదా, కాగితాలెందుకే?" అని మా అమ్మే అన్నది. నేనూ అదే అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత తప్పో పాప ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు తెలిసింది.

అంతకంటే ముందు ఒక కాగితం మాత్రం రాసుకున్నాం. ఆ ఏడాది డిసెంబరులో మరిది సెలవు మీద వచ్చాడు. ఇంట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. "వదినా, మీరే పెంచుకోండి. నేను నెల నెలా పైసలు పంపిస్త" అన్నాడు. ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్తే వంద రూపాయల స్టాంపు పేపరు మీద 'దత్తత ఒప్పంద పత్రం' అని టైపు చేసి ఇచ్చాడు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు, నోటరీ ముద్ర పడింది. ఎర్రటి ఆ గుండ్రటి ముద్ర చూసి పని అయిపోయిందనుకున్నాం. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాను.

2022 వానాకాలంలో పాపకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే పక్క పట్టణంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. మా ఆయన కంపెనీ ఇన్సూరెన్సులో భార్యాపిల్లలకు కవరేజీ ఉంటుంది. కౌంటర్ దగ్గర ఆధార్ చూసి, "ఈ పాప మీ డిపెండెంట్ కాదు సార్, తల్లిదండ్రుల పేర్లు వేరే ఉన్నాయి" అన్నారు. ఇంటికి మనిషిని పంపి ఆ స్టాంపు పేపరు తెప్పించాం. దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది దత్తత కాదమ్మా, రిజిస్ట్రేషన్ లేదు, ఆర్డర్ లేదు" అని వెనక్కి ఇచ్చారు. డబ్బు ఎలాగో కట్టాం. నన్ను తినేసింది డబ్బు కాదు. రాత్రి పదకొండుకు రక్తం ఎక్కించాలని సమ్మతి పత్రం పట్టుకొచ్చిన నర్సు "మీరు పాపకు ఏమవుతారు?" అని అడిగింది. "పెద్దమ్మను" అన్నాను. "తల్లి లేదా తండ్రి సంతకం కావాలండీ" అంది. తల్లి లేదు. తండ్రి దుబాయ్‌లో డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. చివరికి డాక్టరుగారే మనసు చేసుకుని నా సంతకంతోనే కానిచ్చారు. ఆ అరగంట నాకిప్పటికీ కలలోకి వస్తుంది.

పాప ఇంటికొచ్చిన వారానికే జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరు మేడమ్ దగ్గరికి వెళ్లాం. మా స్టాంపు పేపరు పక్కన పెట్టి ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "మీకు పిల్లలున్నారా?"

"ఒక పాప మేడమ్, పదకొండేళ్లు."

ఆమె పెన్ను కింద పెట్టేసింది. అప్పుడు చెప్పింది మాకెవరూ చెప్పని విషయం. హిందువుల దత్తతలకు 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఉంది. అందులో 11వ సెక్షన్ ప్రకారం ఆడపిల్లను దత్తత తీసుకోవాలంటే తీసుకునేవాళ్లకు అప్పటికే కూతురు గానీ, కొడుకు కూతురు గానీ ఉండకూడదు. మగపిల్లవాడైతే కొడుకు, కొడుకు వైపు మనవడు, మునిమనవడు ఉండకూడదు. మాకు కూతురుంది కాబట్టి ఆ చట్టం కింద పాపను దత్తత తీసుకునే వీలే లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి దస్తావేజు రిజిస్టర్ చేయించినా రేపు ఎవరైనా కోర్టులో సవాలు చేస్తే నిలవదు. మాకు కూతురు లేకపోతే మాత్రం పని తేలికయ్యేదట. కన్న తండ్రి ఇవ్వడం, మేం తీసుకోవడం నిజంగా జరిగి, ఇరువైపుల సంతకాలతో దస్తావేజు రిజిస్టరైతే చాలు, దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు భావిస్తుంది. దత్త హోమం తప్పనిసరి కాదని కూడా ఆ చట్టంలోనే ఉంది.

"మరి మాకు దారి లేదా?" అని మా ఆయన అడిగాడు.

ఉంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. దాని 56వ సెక్షన్ కింద బంధువు బిడ్డను బంధువు దత్తత తీసుకోవచ్చు, మతంతో పని లేదు. హిందూ చట్టం వర్తించని ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకూ ఇదే దారి. బంధువు అంటే ఎవరో కూడా చట్టం చెప్పింది. తండ్రి వైపు, తల్లి వైపు చిన్నాన్న, పెదనాన్న, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, తాత, నానమ్మ, అమ్మమ్మ. తల్లి అక్కను కాబట్టి నేను అందులోకి వస్తాను. సొంత పిల్లలున్నా అడ్డు లేదు. మామూలు దత్తతకు పెట్టే వయసు లెక్కలు బంధువుల దత్తతకు వర్తించవు. పెళ్లయి రెండేళ్లు నిండాలన్న నియమం కూడా అంతే. ఇంతకు ముందు దీనికి కోర్టులో పిటిషన్ వేయాల్సి వచ్చేది. 2022 సెప్టెంబరు 1 నుంచి ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు వచ్చింది. మేం లాయరు ఇంట్లో కూర్చున్న రోజుకి ఆ మార్పు వచ్చి రెండు నెలలు కూడా కాలేదు.

మేడమ్ ఫీజు గురించి అడిగితే, "కోర్టు కేసే లేదు, నాకెందుకు? జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి, వాళ్లే చేయాలి. అఫిడవిట్లు మాత్రం నేను చూసి పెడతా" అంది. ఆ మాట ఆమె అనకపోతే మేం ఇంకో డాక్యుమెంట్ రైటర్ చేతిలో పడి ఉండేవాళ్లం. అప్పటికే ఒకాయన "అంతా నేను చూసుకుంటా" అని పదిహేను వేలు అడిగాడు. మీరెవరైనా ఈ పని మీద ఉంటే ముందు బాలల పరిరక్షణ విభాగానికే వెళ్లండి. దత్తత కోసం ఎవరికైనా డబ్బు ముట్టిందా అని ఆర్డర్ ఇచ్చే ముందు చూడాలని చట్టంలోనే ఉంది. మధ్యవర్తి ఉంటే మీకే ఇబ్బంది.

బాలల పరిరక్షణ విభాగం మహిళా, శిశు సంక్షేమ శాఖ కింద ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడివాళ్లకూ కొత్త నియమాలు చేతికి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఇలాంటి దరఖాస్తు ఇదే మొదటిదన్నారు. నాకు గుండె జారిపోయింది గానీ ఆ ఆఫీసరమ్మ మంచిది. తానూ చదువుకుంటూ మాకూ చెప్పింది. దేశం మొత్తానికి దత్తతల సంగతి చూసే కేంద్ర సంస్థను కారా అంటారు. దాని పోర్టల్‌లో భార్యాభర్తలం బంధువుల దత్తత కింద రిజిస్టర్ చేసుకోవాలి, కాగితాలన్నీ అప్‌లోడ్ చేయాలి. జిల్లావాళ్లు పరిశీలిస్తారు. కారా నుంచి ముందస్తు ఆమోద పత్రం రావాలి. తర్వాత దరఖాస్తు కలెక్టరు ముందుకు వెళ్తుంది. వెళ్లిన రెండు నెలల్లో ఆయన తేల్చాలి.

వినడానికి ఇంతే. కాగితాలు సమకూర్చడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఫొటోలు, పాన్ కార్డులు, ఆదాయ పత్రం, ఇంటి చిరునామా రుజువు, మాకు దీర్ఘకాలిక, అంటువ్యాధులేవీ లేవని డాక్టరు సర్టిఫికెట్, మమ్మల్ని ఎరిగిన ఇద్దరి నుంచి పరిచయ లేఖలు. ఇవి వారంలో అయ్యాయి. పెళ్లి సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయాం. 2009లో మా పెళ్లయినప్పుడు రిజిస్టర్ చేయించుకోలేదు. పెళ్లి పత్రిక కోసం ఇల్లంతా వెతికితే చివరికి మా ఆడపడుచు దగ్గర ఒకటి దొరికింది. ఆల్బంలోంచి తాళి కట్టే ఫొటో తీసి, సాక్షుల్ని వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, పెళ్లయిన పదమూడేళ్లకు సర్టిఫికెట్ తెచ్చుకున్నాం.

అసలు కష్టం పేర్లతో వచ్చింది. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన తెలుగువాళ్లందరికీ ఈ సమస్య ఉంటుంది, అవసరం పడేదాకా తెలియదు. మా చెల్లెలి పేరు ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే. మరణ ధ్రువపత్రంలో అత్తగారింటి ఇంటిపేరు. పాప బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు దగ్గర ఇంటిపేరే లేదు, పేరులో ఒక ఇంగ్లిషు 'హెచ్' ఎక్కువ పడింది. నాలుగు కాగితాల్లో నాలుగు రకాలు. ఇవన్నీ ఒక్క మనిషివేనని చెప్పేవాళ్లు ఎవరు? ఆ మనిషే లేదు. పోర్టల్‌లో పెట్టిన కాగితాలు పేర్లు కలవలేదని రెండుసార్లు వెనక్కి వచ్చాయి.

దానికంటే పెద్ద ప్రశ్న ఇంకోటి వచ్చింది. నేనూ, మా చెల్లెలూ అక్కాచెల్లెళ్లమని రుజువేది?

ఒకే ఇంట్లో పుట్టి, ఒకే కంచంలో తిన్నవాళ్లం. ఆ మాట అడిగినప్పుడు కౌంటర్ ముందే ఏడ్చేశాను. ఆఫీసరమ్మ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. "అమ్మా, మీరు అక్క కాబట్టే ఈ దరఖాస్తు నడుస్తుంది. అది రుజువు కాకపోతే పాప మీకు బంధువే కాదు" అంది. ఆమె చెప్పింది నిజం. ఇద్దరి పదో తరగతి మెమోలు తీశాం. తండ్రి పేరు నాదాంట్లో ఒక రకంగా, దానిదాంట్లో ఇంకో రకంగా ఉంది. బడిలో సారు ఎట్లా రాస్తే అట్లా పోయింది మరి. పాత రేషన్ కార్డు దొరికింది, అందులో ఇద్దరం ఉన్నాం. మీ సేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెచ్చాం. దాంతో పాటు మా నాన్నతో ఒక అఫిడవిట్ ఇప్పించాలన్నారు.

మా నాన్నకు డెబ్భై దాటాయి. బీడీ ఖార్ఖానాలో పనిచేసి రిటైరయ్యాడు, సంతకం తెలుగులో పెడతాడు. లాయరు మేడమ్ అఫిడవిట్ చదివి వినిపించింది. "పై ఇద్దరూ నాకూ నా భార్యకూ పుట్టిన కూతుళ్లు. చిన్న కూతురు ఫలానా తేదీన మరణించింది. వేర్వేరు పత్రాల్లో వేర్వేరుగా రాసి ఉన్న ఆ పేర్లన్నీ నా చిన్న కూతురివే." నాన్న మొత్తం విని, "ఇంకోసారి చదువు బిడ్డా" అన్నాడు. ఆమె చదివింది. ఆయన పెన్ను పట్టుకుని ఒక్కో అక్షరం రాస్తుంటే నేను కిటికీ వైపు తిరిగాను. చెల్లెలు పోయినప్పటి నుంచి మా నాన్న దాని పేరు నోటితో పలకలేదు. ఆ రోజు మాత్రం లేచేటప్పుడు మెల్లగా ఒకసారి పలికాడు.

ఆఫీసు వరండాలో గంటల తరబడి కూర్చున్నప్పుడు మా లాంటి వాళ్లు ఇంకొందరు కలిశారు. ఒకాయన తన భార్య మొదటి పెళ్లి వల్ల పుట్టిన బాబును తన పేరు మీదికి తెచ్చుకోవాలని తిరుగుతున్నాడు. సవతి తండ్రి దత్తతకూ ఇదే పోర్టల్, ఇదే పద్ధతి. కానీ ఆమెది విడాకుల కేసు, బాబు కన్న తండ్రి బతికే ఉన్నాడు. అతని సమ్మతి కావాలన్నారు. అతనేమో ఫోన్ కూడా ఎత్తడట. మొదటి భర్త చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రంతో సరిపోయేది. విడాకులు తీసుకునేటప్పుడే ఇలాంటివి ఆలోచించి రాయించుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇంకో పెద్దాయన, పిల్లలు లేరు, ఇరవై ఎనిమిదేళ్ల అన్న కొడుకుని దత్తత తీసుకుంటానని వచ్చాడు. ఆయనకు ఎవరో చెప్పి పంపారు. ఇక్కడ పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు దారి లేదు. హిందూ చట్టంలో పదిహేనేళ్లు నిండనివాళ్లు, పెళ్లికానివాళ్లే. అంతకు మించినవాళ్లను తీసుకోవాలంటే ఆ కుటుంబంలో, కులంలో అలాంటి ఆచారం ఉందని నిరూపించాలి. మన దగ్గర ఇల్లరికపు అల్లుడి ఆచారాన్ని కోర్టులు ఎప్పటినుంచో గుర్తించాయి గానీ, అది దత్తత కాదు. "ఆస్తి ఇవ్వడానికే అయితే వీలునామా రాయండి తాతా, లేదంటే గిఫ్ట్ డీడ్" అని ఆఫీసరమ్మ చెప్పింది. ఆయన కదల్లేదు. "ఆస్తి కాదమ్మా, నాకు కొడుకు అనిపించుకోవాలె" అన్నాడు. దానికి ఆమె దగ్గర కాగితం లేదు. ఆయన చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

2023 మార్చిలో మరిది నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. అతను ఉండగానే సమ్మతి పత్రం పూర్తి కావాలి. అతను లేకుండా దుబాయ్ నుంచి చేయించాలంటే అక్కడి మన కాన్సులేట్ దాకా వెళ్లాలి, లేబర్ క్యాంపులో ఉండే మనిషికి సెలవు దొరకడమే కష్టం. అందుకే ఆ నలభై రోజులూ నాకు టెన్షనే.

సమ్మతి పత్రం చదివేటప్పుడు అతను ఒక లైను దగ్గర ఆగాడు. బిడ్డ మీద తల్లిదండ్రులకు ఉండే హక్కులన్నీ వదులుకుంటున్నానని ఉంది అందులో. చాలాసేపు దాన్నే చూశాడు. "మేడమ్, ఇది పెడితే బిడ్డ నన్ను డాడీ అనొద్దా?" అని అడిగాడు. మేడమ్ తొందరపెట్టలేదు. చట్టం ప్రకారం ఏం మారుతుందో, ఇంట్లో ఏం మారనవసరం లేదో విడివిడిగా చెప్పింది. ఆర్డర్ వచ్చిన రోజు నుంచి పాప అన్ని విధాలా మా బిడ్డ. పుట్టిన కుటుంబంతో చట్టపరమైన సంబంధం తెగుతుంది. అతని ఆస్తికి పాప వారసురాలు కాదు, మా ఆస్తికి అవుతుంది. తర్వాత మనసు మారిందని అతను గానీ, కుదరలేదని మేం గానీ తిరిగి ఇచ్చేసే పని కాదు. ఫోన్లో ఏమని పిలవాలో, పండుగకు ఎవరి ఇంటికి రావాలో ఆర్డర్‌లో ఉండదు.

అతను ఆ రోజు సంతకం పెట్టలేదు. మా ఆయన కోపంగా ఏదో అనబోతే నేను ఆపాను. బిడ్డను ఇచ్చే తండ్రి రెండు రోజులు ఆలోచించుకోకపోతే అదే నాకు భయం. మూడో రోజు పొద్దున తనే ఫోన్ చేసి, "వదినా, పోదాం" అన్నాడు.

అతని తల్లి, అంటే పాప నానమ్మకు ఇంకో అనుమానం. చెల్లెలి పేరు మీద మా నాన్న ఇచ్చిన రెండు గుంటల ఇంటి జాగ ఉంది. దత్తత పోతే ఆ జాగలో పాప హక్కు పోతుందేమో, లేక పాప పేరు చెప్పి మొత్తం మేమే తీసుకుంటామేమోనని ఆమె భయం. ఆ మాట మొహమాటం లేకుండా అడిగినందుకు ఆమె మీద నాకు గౌరవమే కలిగింది. మేడమ్ చెప్పిందేంటంటే, ఆడమనిషి వీలునామా రాయకుండా పోతే ఆమె ఆస్తి భర్తకూ పిల్లలకూ సమానంగా వస్తుంది. కాబట్టి ఆ జాగలో సగం మరిదిది, సగం చెల్లెలు పోయిన రోజే పాపది అయిపోయింది. దత్తతకు ముందే పాపకు చెందిన ఆస్తి దత్తత తర్వాతా పాపదే. మైనర్ ఆస్తి కాబట్టి కోర్టు అనుమతి లేకుండా మేం దాన్ని అమ్మలేం. ఇది విన్నాక నానమ్మ తనే సాక్షి సంతకానికి వచ్చింది.

ఏప్రిల్‌లో సోషల్ వర్కర్ ఇంటికి వచ్చింది. చిన్న వయసమ్మాయి. బల్లలూ కుర్చీలూ చూడటానికి వస్తుందని ముందు రోజంతా ఇల్లు కడిగాను. ఆమె వాటి వైపు చూడనే లేదు. ఐదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి తప్పనిసరి కాబట్టి పాపను పెరట్లోకి తీసుకెళ్లి ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఏం మాట్లాడారో నేను ఇప్పటికీ అడగలేదు. తర్వాత మా పెద్దదాన్ని పిలిచింది. ఇంట్లో ఉన్న పెద్దపిల్లల సమ్మతీ కావాలి. నాకు అదే భయం. పన్నెండేళ్ల పిల్ల, గదిలో సగం, బట్టల్లో సగం, నాలో సగం ఇచ్చింది, లోపల ఏముందో తెలియదు. అది పెన్ను పట్టుకుని, "ఆంటీ, ఇప్పటికే చెల్లెనే గదా, కొత్తగా ఏం రాయాలి?" అని అడిగింది. మన తెలుగులో పిన్ని కూతురు చెల్లెలే అవుతుంది. దానికి ఆ ఫారం అర్థం కాలేదు. చివరికి "నా చెల్లెను నా చెల్లెగా ఉంచడానికి నాకు ఇష్టమే" అని రాసింది.

జూన్‌లో కారా నుంచి ముందస్తు ఆమోదం వచ్చింది. అదే నెలలో దరఖాస్తు కలెక్టరు దగ్గరికి వెళ్లింది. ఆగస్టులో పిలిచారు. దత్తత విచారణ గోప్యంగా జరగాలి కాబట్టి లోపలికి మమ్మల్ని, ఆఫీసరమ్మను మాత్రమే పంపారు. కలెక్టరుగారు ఫైలు చూసి మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగారు. మా సంపాదన గురించి ఒకటి, సొంత బిడ్డ ఉండగా ఎందుకు అని ఒకటి. తర్వాత పాపను దగ్గరికి పిలిచి, "నీకు ఎవరి దగ్గర ఉండాలని ఉందమ్మా?" అని అడిగారు.

పాప నన్ను చూడలేదు, మా ఆయన్నీ చూడలేదు. "మా అక్క దగ్గర" అంది.

ఆయన నవ్వి ఫైలు మీద ఏదో రాశారు. పది రోజులకు ఆర్డర్ కాపీ వచ్చింది. రెండు పేజీలు. మా ఇద్దరి పేర్లు, పాప పేరు, పుట్టిన తేదీ. మొదటిసారి చదివినప్పుడు నాకు సంతోషం కూడా అందలేదు, పేర్లలో తప్పులున్నాయేమోనని అక్షరం అక్షరం వేలు పెట్టి చూసుకున్నాను. లేవు.

అక్కడి నుంచి పనులు త్వరగానే అయ్యాయి. ఆర్డర్ చూపిస్తే బర్త్ సర్టిఫికెట్ మా పేర్లతో ఇవ్వాలి, ఇచ్చారు. దాని మీద ఆధార్, దాని మీద బడి రికార్డు, కంపెనీ ఇన్సూరెన్సు. వరుస ముఖ్యం. ముందు బర్త్ సర్టిఫికెట్ మార్చకుండా ఆధార్ సెంటర్‌కు వెళ్లి నేను ఒక రోజు వృథా చేసుకున్నాను.

కొత్త బర్త్ సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజు మాత్రం నాకు అన్నం సహించలేదు. తల్లి పేరు దగ్గర నా పేరు ఉంది. అదే కదా ఇన్నాళ్లూ నేను తిరిగింది. కానీ ఆ గడిలో ముందు మా చెల్లెలి పేరు ఉండేది, ఒక 'హెచ్' ఎక్కువ పడ్డ పేరు. నేను తల్లినవడానికి దాని పేరు తీసేయాల్సి వచ్చింది. ఎవరికీ చెప్పుకోలేని బాధ అది. మా ఆయనకు చెప్తే "పాప మంచికే గదా" అన్నాడు, నిజమే. మరిదికి ఫోన్ చేస్తే అతను ఏమీ అనలేదు, "పాత సర్టిఫికెట్ పారెయ్యకు వదినా" అని మాత్రం అన్నాడు. పారేయలేదు. చెల్లెలి పెళ్లి చీర మడతల్లో పెట్టాను. పాపకు అన్నీ తెలుసు. ఏదీ దాచలేదు. దాచే ఉద్దేశం కూడా లేదు. పెత్రమాస నాడు వాళ్లమ్మ ఫొటో ముందు దీపం పాపే పెడుతుంది.

ఇప్పుడు మూడో తరగతి. నన్ను ఇంకా పెద్దమ్మా అనే పిలుస్తుంది. బడిలో మాత్రం "మా అమ్మ" అంటుందని వాళ్ల టీచరు చెప్పింది. నేను సరిచేయడం లేదు, ఏది పిలిచినా పలుకుతున్నాను. మరిది వారానికోసారి ఫోన్ చేస్తాడు. వరుస ప్రకారం ఇప్పుడు బాబాయి కావాలి, పాప మాత్రం డాడీ అనే అంటుంది.

ఇంకో పని మిగిలింది. ఆ రెండు గుంటల జాగలో పాప సగం వాటా పాప పేరు మీద రికార్డుల్లోకి ఎక్కాలి. చెల్లెలి మరణ ధ్రువపత్రం, దత్తత ఆర్డర్, పాత బర్త్ సర్టిఫికెట్, కొత్తది, మా నాన్న అఫిడవిట్, అన్నీ ఒక ఫైలులో పెట్టాను. వచ్చే నెల మరిది వస్తున్నాడు. అతనూ నేనూ కలిసి వెళ్లాలి.